అమెరికా రాజకీయ వార్తను చదవడం ఎలా: ముందుగా అడగవలసిన ప్రశ్న

2019 జూలై 10న అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది. దానికి అనుకూలంగా 365 మంది, వ్యతిరేకంగా 65 మంది ఓటు వేశారు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి దక్కకూడదన్న 1990 నాటి చట్ట నిబంధనను తొలగించడం ఆ బిల్లు ఉద్దేశం. ఆ రాత్రి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో “పరిమితి ఎత్తేశారు” అన్న వార్త వచ్చింది, దాని వెంటే లడ్డూల బొమ్మలు వచ్చాయి. పదిహేడు నెలల తరువాత, 2020 డిసెంబరు 2న, సెనేట్ కూడా అదే విషయంపై ఒక బిల్లును ఏ సభ్యుడి అభ్యంతరమూ లేకుండా ఆమోదించినప్పుడు లడ్డూలు మరొకసారి వచ్చాయి. అయినా ఆ ఏడు శాతం నిబంధన చట్టంలో చెక్కుచెదరకుండా ఉన్నది.

రెండు సభలూ ఒప్పుకున్న మార్పు చట్టం ఎందుకు కాలేదో తెలిసిన పాఠకుడికి అమెరికా పాలనలో సగం తెలిసినట్లే. ఏ వార్త వచ్చినా “ఇది మంచిదా, చెడ్డదా” అని అడగడానికి ముందు “ఇది ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నది, ఇంకా ఎవరెవరు ఒప్పుకోవాలి” అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే పద్ధతిని చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా మన అలవాటును పక్కన పెట్టాలి

మన దేశంలో లోక్‌సభలో మెజారిటీ ఉన్న పార్టీ నాయకుడే ప్రధాని అవుతాడు, ఆ మెజారిటీ పోతే ప్రభుత్వం పడిపోతుంది. కనుక ప్రభుత్వం తలచుకున్న బిల్లు సాధారణంగా గట్టెక్కుతుంది. ఈ దృష్టితో అమెరికాను చూసినవారికి అడుగడుగునా తికమకే. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు అధికారం ఒకే చోట పోగుపడకూడదని పట్టుబట్టి, చట్టం చేసే కాంగ్రెస్‌నూ, దానిని అమలు చేసే అధ్యక్షుడినీ, వివాదాలు తేల్చే కోర్టులనూ విడివిడిగా నిలబెట్టారు. మంత్రి అయిన వ్యక్తి కాంగ్రెస్ సభ్యుడిగా ఉండకూడదని రాజ్యాంగమే చెబుతుంది. 2025 జనవరిలో మార్కో రూబియో విదేశాంగ మంత్రి కావడానికి తన సెనేట్ పదవిని వదులుకోవలసి వచ్చింది.

అధ్యక్షుడు కాంగ్రెస్‌ను రద్దు చేయలేడు. కాంగ్రెస్ కూడా ఇష్టం లేదన్న ఒక్క కారణంతో అధ్యక్షుడిని దించలేదు. అధ్యక్షుడికి నాలుగేళ్లు, 435 మంది ప్రతినిధులకు రెండేళ్లు, వంద మంది సెనేటర్లకు ఆరేళ్లు, ఫెడరల్ (కేంద్ర) న్యాయమూర్తులకు జీవితకాలం: ఈ గడువులలో ఏదీ మరొకదాని మీద ఆధారపడి ఉండదు. అభిశంసన అన్న మాట విన్నప్పుడు దానిని అవిశ్వాస తీర్మానంతో పోల్చుకోకూడదు. ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభిశంసించడం నేరారోపణ చేయడం వంటిది మాత్రమే. పదవి పోవాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో బిల్ క్లింటన్, 2019లోనూ 2021లోనూ డొనాల్డ్ ట్రంప్ అభిశంసనకు గురైనా సెనేట్ వారిలో ఎవరినీ దోషిగా తేల్చలేదు. రిచర్డ్ నిక్సన్ 1974లో అంతదాకా రానీయకుండా తానే రాజీనామా చేశాడు.

మోసం చేసే మాటలు

తెలుగు పత్రికలు చదివేవారిని నిజంగా ఇబ్బంది పెట్టేవి తెలియని మాటలు కావు, తెలిసినట్లు కనిపించే మాటలు. “మధ్యంతర ఎన్నికలు” అనగానే మనకు సభ గడువుకు ముందే రద్దయిందన్న ఊహ వస్తుంది. అమెరికాలో అవి అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం నడుమ, ముందే నిర్ణయమైన తేదీన, ప్రతినిధుల సభ మొత్తానికీ సెనేట్‌లో సుమారు మూడో వంతుకూ జరిగే మామూలు ఎన్నికలు. అక్కడి “గవర్నర్” మన గవర్నర్‌లా నియమితుడై సంతకాలు చేసే వ్యక్తి కాడు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న రాష్ట్రాధినేత, అంటే మన ముఖ్యమంత్రికి దగ్గరివాడు. “స్పీకర్” తటస్థంగా కూర్చునే సభాధ్యక్షుడు కాడు, సభలో మెజారిటీ పార్టీకి బాహాటంగా నాయకుడు. ఏ బిల్లు ఓటింగుకు రావాలో, ఏది రాకూడదో చాలావరకు అతని ఇష్టం.

“సెక్రటరీ” అంటే ఐఏఎస్ అధికారి అనుకోకూడదు, మంత్రి అనుకోవాలి. అయితే అందులోనూ ఒక మెలిక ఉన్నది. వాషింగ్టన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ విదేశాంగ మంత్రి కాగా, జార్జియా, అరిజోనా వంటి రాష్ట్రాలలో అదే పేరున్న అధికారి ఎన్నికలు నిర్వహిస్తాడు. జార్జియా ఓట్ల లెక్కింపుపై ఆ రాష్ట్ర సెక్రటరీ మాట్లాడితే దానిని “విదేశాంగ మంత్రి వ్యాఖ్య” అని అనువదించిన వార్తను నేను ఒకసారి చదివాను; రాసినవారిని తప్పుపట్టలేము, పేరు పెట్టినవారిదే తప్పు. ఇక “కాంగ్రెస్” అంటే అక్కడ పార్టీ కాదు, రెండు సభలనూ కలిపి పిలిచే పేరు. మనవారికి ఇది తెలిసిన సంగతే అయినా “కాంగ్రెస్ ఓడించింది” అన్న శీర్షిక చూసినప్పుడు మనసు ఒక్క క్షణం గాంధీభవన్ వైపు పోతుంది.

బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

ఇప్పుడు ఆ ఏడు శాతం బిల్లు దగ్గరికి తిరిగి వద్దాం. అమెరికాలో ఎవరైనా ఒక సభ్యుడు బిల్లు ప్రవేశపెట్టాడన్న వార్తకు దాదాపు విలువ లేదు. రెండేళ్ల కాలం నడిచే ఒక్కొక్క కాంగ్రెస్‌లో పది వేలకు పైగా బిల్లులు ప్రవేశపెడతారు, వాటిలో చట్టాలయ్యేవి కొన్ని వందలే. ఎక్కువ బిల్లులు తమకు కేటాయించిన కమిటీ గడప దాటవు. కనుక వార్త చదివినప్పుడు మొదట చూడవలసినది “ప్రవేశపెట్టారు” అన్నారా, “కమిటీ ఆమోదించింది” అన్నారా, “సభ ఆమోదించింది” అన్నారా అన్నది.

ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీ చాలు. సెనేట్‌లో వంద మందిలో 51 మంది ఉన్నా చాలా సందర్భాలలో చాలదు. చర్చను ముగించి ఓటింగుకు వెళ్లడానికి 60 మంది ఒప్పుకోవాలన్న నియమం అక్కడ ఉన్నది. దానిని అడ్డు పెట్టుకుని బిల్లును ఆపడాన్ని ఫిలిబస్టర్ అంటారు. ఇది రాజ్యాంగంలో లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్న పద్ధతి. నియామకాలకు ఈ అడ్డంకిని 2013లోనూ, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విషయంలో 2017లోనూ తొలగించుకున్నారు. పన్నులు, ఖర్చులకు సంబంధించిన ఒక ప్రత్యేక బడ్జెట్ మార్గంలో కూడా మామూలు మెజారిటీ సరిపోతుంది. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల బిల్లు సెనేట్‌లో 50–50గా నిలిచి, ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో ఆ దారినే బయటపడింది. వలస చట్టాలను ఆ దారిలో నడిపించడం కష్టం, ఎందుకంటే బడ్జెట్‌పై ప్రభావం నామమాత్రమైన అంశాలను అందులో కలపడాన్ని నియమాలు ఒప్పుకోవు.

అందుకే గ్రీన్‌కార్డు బిల్లును సెనేట్‌లో ముందుకు తెచ్చిన రిపబ్లికన్ మైక్ లీ మరొక దారి పట్టాడు. సభలో ఉన్నవారు ఎవరూ కాదనకపోతే ఓటింగు లేకుండానే బిల్లు ఆమోదం పొందే ఏకగ్రీవ సమ్మతి అది. ఈ దారిలో ఉన్న సౌలభ్యం ఎంతో ప్రమాదం అంత: ఒక్క సెనేటర్ లేచి “నాకు అభ్యంతరం ఉన్నది” అంటే అక్కడికి ఆగిపోతుంది. 2019లో ఇల్లినాయ్‌కి చెందిన డెమొక్రాట్ డిక్ డర్బిన్ అలాగే లేచాడు. ఒక్కొక్కరి అభ్యంతరాన్ని తీర్చడానికి ఒక్కొక్క సవరణ చేర్చుకుంటూ పోగా, 2020 డిసెంబరు నాటికి ఏకగ్రీవం సాధ్యమైంది గాని అప్పటికి సెనేట్ పాఠం (బిల్లులో రాసిన మాటలు) ప్రతినిధుల సభ పాఠానికి దూరమైపోయింది.

రెండు సభలూ ఒకే ఉద్దేశంతో బిల్లులు ఆమోదిస్తే చాలదు, ఒకే పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా ఆమోదించాలి. ఆ తేడాలను సర్దుకోవడానికి నెల రోజుల గడువు మాత్రమే మిగిలింది. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ ముగిసింది, దానితోపాటు చట్టం కాని ప్రతి బిల్లూ కాలగర్భంలో కలిసింది. కొత్త కాంగ్రెస్‌లో కొత్త సంఖ్యతో మొదటి నుంచి రావలసిందే. ఇలాంటి బిల్లే మళ్లీ వచ్చి, 2022 డిసెంబరులో ప్రతినిధుల సభలో ఓటింగు దాకా వెళ్లి, ఓట్లు చాలవన్న అనుమానంతో చివరి క్షణంలో వెనక్కు తీసుకోబడింది.

దీనిని స్వయంగా చూసుకోవడం కష్టం కాదు. కాంగ్రెస్ డాట్ గవ్ అన్న ప్రభుత్వ వెబ్‌సైటులో బిల్లు సంఖ్య కొడితే అది ఏ మెట్టు మీద ఉన్నదో ఒక పట్టీలో కనిపిస్తుంది. ప్రతినిధుల సభలో పుట్టినవాటికి హెచ్.ఆర్. అనీ, సెనేట్‌లో పుట్టినవాటికి ఎస్. అనీ సంఖ్య ముందు ఉంటుంది. సంఖ్యతోపాటు అది ఎన్నో కాంగ్రెసో తప్పక చూడాలి. 2025 జనవరి నుంచి 2027 జనవరి దాకా నడిచేది 119వది. చచ్చిపోయిన బిల్లుల వార్తలు పాత లంకెలతో వాట్సాప్‌లో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

రెండు సభలూ దాటిన బిల్లు అధ్యక్షుడి దగ్గరికి వెళితే, ఆదివారాలు లెక్కించకుండా పది రోజులలో ఆయన సంతకం చేయవచ్చు లేదా వీటో చేయవచ్చు, అంటే తిరస్కరించవచ్చు. వీటోను దాటడానికి రెండు సభలలోనూ మూడింట రెండు వంతుల ఓటు కావాలి, అది అరుదు.

సంతకం చేసినంత మాత్రాన

కాంగ్రెస్ ఇంత నెమ్మదిగా కదులుతుంది కనుక, అధ్యక్షులు తమ ఒక్కరి సంతకంతో అయ్యే పనుల వైపు మొగ్గుతారు. ఇక్కడ పాఠకుడు వేసుకోవలసిన ప్రశ్న, ఈ అధికారం ఆయనకు ఏ చట్టం ఇచ్చింది అన్నది. 1952లో కొరియా యుద్ధ సమయంలో అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను ప్రభుత్వ అధీనంలోకి తీసుకుంటే, అటువంటి అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. యుద్ధం నడుస్తున్నా సరే కోర్టు వెనక్కు తగ్గలేదు.

మనవారికి బాగా తెలిసిన హెచ్-1బి వీసాతో ఈ సంగతి స్పష్టపడుతుంది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా 20,000 అన్న సంఖ్యలు కాంగ్రెస్ చట్టంలో ఉన్నాయి. వాటిని ఏ అధ్యక్షుడూ తన సంతకంతో పెంచలేడు. అదే హెచ్-1బి వారి జీవిత భాగస్వాములలో కొందరికి ఉద్యోగం చేసుకునే వీలు 2015లో ఒక శాఖ జారీ చేసిన నిబంధన వల్ల వచ్చింది. కనుక కాంగ్రెస్ ప్రమేయం లేకుండా మరొక ప్రభుత్వం దానిని తొలగించే ప్రయత్నం చేయగలదు. ఒకే ఇంట్లో భర్త వీసా, భార్య పని అనుమతి ఇలా రెండు వేరువేరు పునాదుల మీద నిలబడి ఉంటాయి. ఏ పునాది ఎంత గట్టిదో తెలిస్తే ఏ వార్తకు ఎంత కంగారు పడాలో తెలుస్తుంది.

శాఖల నిబంధనలు ఒక్క రాత్రిలో మారవు. మామూలుగా ముందు ముసాయిదాను ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో ప్రచురించి, చాలావరకు 30 లేదా 60 రోజులు అభిప్రాయాలు స్వీకరించి, ఆ తరువాతే తుది నిబంధన జారీ చేయాలి. పౌరసత్వం లేనివారు కూడా అభిప్రాయం పంపవచ్చు. అధ్యక్షుడి ప్రకటనలు మాత్రం ఇంత తీరుబడి ఇవ్వవు: 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపును విధించిన ప్రకటన రెండు రోజులలోనే అమలులోకి వచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవారికి అది వర్తించదన్న వివరణ మరునాడు గాని రాలేదు, ఈలోగా సెలవు మీద ఇండియాకు వచ్చినవారు విమానాశ్రయాలకు పరుగులు తీశారు. అక్టోబరు మొదటి వారానికే దానిని సవాలు చేస్తూ కోర్టులో దావా పడింది. అధ్యక్షుడి సంతకం పడిన కాగితం మీద ఒక జిల్లా స్థాయి ఫెడరల్ న్యాయమూర్తి తాత్కాలికంగా నిలుపుదల విధించడం అక్కడ వింత కాదు. జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ 2025 జనవరి 20న జారీ అయిన ఉత్తర్వును సియాటిల్‌లోని ఒక న్యాయమూర్తి మూడో రోజునే ఆపాడు.

ఖర్చు చేసే అధికారం మాత్రం పూర్తిగా కాంగ్రెస్‌దే. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, నిధుల బిల్లులు సకాలంలో ఆమోదం పొందకపోతే చాలా కార్యాలయాలు మూతపడతాయి. 2018–19లో 35 రోజులు, 2025లో 43 రోజులు అలాగే జరిగింది. ఇది ప్రభుత్వం పడిపోవడం కాదు, జీతాలు ఆగిపోవడం.

బీ-ఫారం లేని దేశం

మన దగ్గర పార్టీ అధ్యక్షుడు బీ-ఫారం ఇస్తేనే అభ్యర్థి. పార్టీ విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వం పోవచ్చు. అమెరికా రాజకీయాలలో ఈ రెండూ లేవు, మిగతా తేడాలలో చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి. పార్టీ అభ్యర్థి ఎవరన్నది ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లు తేలుస్తారు. కొన్ని రాష్ట్రాలలో ఆ పార్టీ పేరున నమోదైనవారే ఓటు వేయాలి, కొన్నిటిలో ఎవరైనా వేయవచ్చు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ వర్జీనియాలో దాదాపు అనామకుడైన ఒక కళాశాల అధ్యాపకుడి చేతిలో ప్రైమరీలో ఓడాడు. 2018లో న్యూయార్క్‌లో డెమొక్రాట్ల అగ్రనేతలలో ఒకడైన జో క్రౌలీని అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ అదే విధంగా ఓడించింది. టికెట్టు ఇచ్చేది నాయకుడు కానప్పుడు సభ్యుడు నాయకుడికి భయపడవలసిన పని తక్కువ, తన ప్రైమరీ ఓటర్లకు భయపడవలసిన పని ఎక్కువ. 2017 జూలైలో రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సొంత పార్టీ ఆరోగ్య బీమా బిల్లుకు బొటనవేలు కిందికి చూపి వ్యతిరేకంగా ఓటు వేసి దానిని ఓడించినప్పుడు, ఆయన పదవికి ఏ చట్టమూ అడ్డు రాలేదు.

పదేళ్లకొకసారి జనాభా లెక్కల తరువాత ప్రతినిధుల సభ నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారు. ఆ పని చాలా రాష్ట్రాలలో శాసనసభలదే కనుక, అధికారంలో ఉన్న పార్టీ తన ఓటర్లు తనకు అనువుగా పడేటట్లు గీతలు గీసుకుంటుంది. మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ 1812లో ఒప్పుకున్న ఒక వంకర హద్దు పేరు మీద దీనిని జెర్రీమాండరింగ్ అంటున్నారు. దీని ఫలితంగా అనేక నియోజకవర్గాలలో నవంబరు సాధారణ ఎన్నికలో పోటీ లాంఛనమే, అసలు పోటీ ప్రైమరీలో ముగిసిపోతుంది.

అధ్యక్ష ఎన్నికల రాత్రి చూడవలసినది దేశం మొత్తం మీద ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది కాదు. రాష్ట్రాలకు వారి ప్రతినిధులు, సెనేటర్ల సంఖ్యను బట్టి అధ్యక్షుడిని లాంఛనంగా ఎన్నుకునే ఎలక్టర్లు ఉంటారు, రాజధానికి మరో ముగ్గురు. మొత్తం 538, గెలవడానికి 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ దక్కుతారు. 2000లో ఆల్ గోర్‌కు దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చినా ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పదవి చేజారింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కూ ఎక్కువ ఓట్లు వచ్చి ఓటమే దక్కింది. మన ఎన్నికల సంఘం వంటి ఒక కేంద్ర సంస్థ అక్కడ ఓట్లు లెక్కించదు. రాష్ట్రాలు, వాటి కింద కౌంటీలు (మన జిల్లాల వంటివి) ఎవరి పద్ధతిలో వారు లెక్కిస్తాయి, అందుకే కొన్ని చోట్ల ఫలితం గంటలలో, కొన్ని చోట్ల రోజులలో వస్తుంది.

అక్కడ ఉన్న మనవారికి

పాఠశాలలు, పోలీసులు, ఆస్తి పన్ను, డ్రైవింగ్ లైసెన్సు ఇవన్నీ రాష్ట్రం, కౌంటీ, స్కూల్ బోర్డుల చేతిలోనివి. తెలుగు పేపర్లలో వాషింగ్టన్ వార్తలే వస్తాయి గాని రోజువారీ బతుకును ఎక్కువగా తాకేవి ఈ కింది అంతస్తులే. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ శాసనసభ్యురాలిగా పనిచేసి, 2023లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయింది, అదే నగరంలో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచింది. ఢిల్లీలో కేంద్రం నియమించే లెఫ్టినెంట్ గవర్నర్‌తో దీనికి పోలిక లేదు, ఇది ప్రజలు ఎన్నుకునే రెండో స్థానం.

పౌరసత్వం లేనివారు ఫెడరల్ ఎన్నికలలో ఓటు వేయడం నేరం. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఇచ్చే ఫారంలో ఓటరు నమోదు గడి కూడా ఉంటుంది, తొందరలో దాని మీద టిక్కు పెడితే తరువాత పౌరసత్వ దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది, దేశం విడిచి పోవలసి రావచ్చు కూడా. అభ్యర్థులకు చందా ఇవ్వడానికి గ్రీన్‌కార్డు ఉన్నవారికి అనుమతి ఉన్నది, హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి లేదు.

ఓటు లేకపోయినా నియోజకవర్గంలో నివసించేవారు తమ ప్రతినిధి లేదా సెనేటర్ స్థానిక కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. ఫెడరల్ శాఖలో దరఖాస్తు అకారణంగా ఆగిపోతే ఆ కార్యాలయం విచారణ పంపుతుంది. నిర్ణయాన్ని మార్చలేదు గాని కదలిక తేగలదు. దానికి ముందు వ్యక్తిగత వివరాలు పంచుకోవడానికి సమ్మతి పత్రం మీద సంతకం అడుగుతారు. రసీదు సంఖ్య, దరఖాస్తు తేదీ, ఇదివరకు శాఖతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు దగ్గర పెట్టుకుని వెళితే పని ఒక్క రాకతో అవుతుంది.